మూడో పటం

నలభై నిమిషాలు ఆగి మళ్లీ రక్తం తీసి చూస్తామనీ, అప్పటికీ చక్కెర నిలకడగా ఉంటే ఇక భయం లేదనీ నర్సు చెప్పి వెళ్లేసరికి గోడగడియారంలో పదిన్నర. ఆమె ఆ మాట చెప్పింది ఎదుటి బల్ల మీద కూర్చున్న మనిషికి, లోపల స్పృహ లేకుండా పడి ఉన్న కుట్టుపని ఆవిడ భర్తకు. అయినా అంపైరు తనకే చెప్పినట్టు తల ఊపాడు. ఊపాక తన తలని తనే తిట్టుకున్నాడు. ఆ భర్త అది చూసి, లోపల మీవాళ్లు కూడా ఉన్నారా అండీ, అని మర్యాదగా అడిగాడు. ఏమని చెప్పాలి? ఎవరూ లేరంటే మరి ఇక్కడెందుకు కూర్చున్నట్టు? తెలిసినవాళ్లు, అన్నాడు సగం మాట గొంతులోనే మింగేస్తూ. ఆయన ఇంక అడగలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తలుపు వంకే చూస్తున్నాడు. ఆయన చొక్కా జేబు అంచు మీద కుట్టు ఎంత సన్నగా, ఎంత తిన్నగా ఉందో అంపైరు కంట పడింది. ముప్పై నాలుగేళ్లు నీటి సరఫరా ఆఫీసులో పైపులైన్ల నక్షాలు గీసిన కన్ను అది, తిన్నని గీత కనిపిస్తే ఆగిపోతుంది. ఆవిడే కుట్టి ఉంటుంది. ఆ చేతులే ఇప్పుడు లోపల దుప్పటి మీద ఉన్నాయి, ఒకదానికి సూది గుచ్చి ఉంది, పైన గ్లూకోజు సీసా వేలాడుతోంది, వచ్చేటప్పుడు తలుపు సందులోంచి చూశాడు. రెండోసారి చూసే ధైర్యం లేకపోయింది.

జరిగింది చిన్న విషయం. చిన్నది కాబట్టే అంత ఘోరంగా ఉంది. శనివారం సాయంత్రం ఆవిడ ఎప్పటిలాగే థైరాయిడు మాత్రల కోసం మందుల షాపుకి వెళ్లింది. షాపు యజమాని ఎప్పటిలాగే పలకరించి, కవర్లో షుగరు మాత్రలు వేసి, పైన తన గుండ్రటి అక్షరాలతో ‘ఉదయం, పరగడుపున’ అని రాసి ఇచ్చాడు. షుగరు లేని మనిషి ఆదివారం ఒకటి వేసుకుంది, నీరసంగా ఉందనుకుంది, ఈవేళ ఇంకోటి వేసుకుని మిషను ముందు కూర్చుంది. కుడుతూ కుడుతూనే పక్కకి ఒరిగిపోయింది. భర్త ఆటోలో వేసుకుని వచ్చాడు, తెలివైనవాడు, మాత్రల కవరు కూడా తెచ్చాడు. ఆ కవరు మీది అక్షరాల్ని ఈ ఆసుపత్రిలోనే రక్తపరీక్షలు చేసే అమ్మాయి చూసింది, చూడగానే గుర్తుపట్టింది. అవి వాళ్ల నాన్నవి. ఆ అమ్మాయి ఒక్క నిమిషం కూడా తాత్సారం చేయలేదు. డాక్టరుకి చెప్పింది, ఆ తర్వాత ఈ ఎదుటి మనిషి ముందు నిలబడి, తప్పు మా నాన్నదండీ, నేను ఆయన కూతుర్ని, అని చెప్పింది. అది అయ్యాక అంపైరుకి ఫోను చేసింది. బాబాయ్, ఒకసారి వస్తారా, ఇక్కడ ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను, అంది. తోడు కోసం పిలిచింది! ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుని బయల్దేరాడు.

అంపైరు అన్నది అతని పేరు కాదు, ఆదివారాల ఆట తెచ్చిపెట్టిన పిలుపు. ముప్పై ఏళ్లుగా ఆ షాపు వెనక ముగ్గురు స్నేహితులు సముద్రయుద్ధం ఆడుతున్నారు. మందుల షాపు మిత్రుడు, ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారు, తను. పసిఫిక్ మహాసముద్రం పటాన్ని అంపైరే గీశాడు, ఆఫీసులో మిగిలిన దళసరి కాగితం మీద నీలం సిరాతో, దీవులతో సహా, గడులు గడులుగా, ఒకే రకంగా మూడు ప్రతులు. ఒకటి షాపు వెనక గదిలో మందుల పెట్టెల మధ్య మిత్రుడి ముందు. ఒకటి మేడ గదిలో మాస్టారి ముందు. మూడోది మెట్ల మలుపు దగ్గర చిన్న బల్ల మీద, అంపైరు ముందు. ఒకరి ఓడలు ఇంకొకరికి కనపడవు. ఎవరి ఓడ ఏ గడికి కదిలిందో చీటీ మీద రాసి ఇస్తారు, అంపైరు తన పటం మీద రెండు పక్షాల్నీ జరిపి, నీ గాలింపు విమానాలకి ఫలానా గడిలో రెండు ఓడలు కనిపించాయి అని ఒకరికి, నీకేమీ కనిపించలేదు అని ఇంకొకరికి చెప్పి వస్తాడు. మొత్తం సముద్రాన్ని చూసేది అతనొక్కడే. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. నిజానికి ఆ పని అతనికి ఎందుకొచ్చిందంటే, మొదట్లో అతనూ ఆడాడు, ఆడిన ప్రతిసారీ గంట తిరక్కుండా మునిగాడు. ప్రతి దీవికీ ఒక ఓడ, ప్రతి మూలకీ ఒక ఓడ, పైపులైనుకి మలుపు మలుపునా కవాటం పెట్టినట్టు పెట్టుకుంటూ పోయేవాడు. భయం, ఇంకేం లేదు, ఎక్కడ వదిలేస్తే అక్కణ్నుంచి నీళ్లు కారిపోతాయని. నాలుగో ఆదివారం మిత్రుడు నవ్వి, ఒరే, నీ రాత బాగుంటుంది, నువ్వు అంపైరుగా ఉండు, అన్నాడు. అతనూ నవ్వాడు. ముప్పై ఏళ్లు నవ్వుతూనే ఉన్నాడు.

మిత్రుడి సిద్ధాంతం ఒక్కటే, అది ఎన్ని వందలసార్లు విన్నాడో. విమానాలు మోసే పెద్ద ఓడలు నాలుగుంటే నాలుగూ ఒకే గడిలో ఉండాలి. విమానాలన్నీ ఒక్కసారి లేవాలి, ఒక్కసారి మీద పడాలి, ఫిరంగులన్నీ ఒకే ఆకాశాన్ని కాయాలి. పిడికిలి బిగించి కొట్టాలి గాని అయిదు వేళ్లతో విడివిడిగా పొడిస్తే ఎదుటివాడికి చక్కిలిగిలి పుడుతుంది, అంటాడు. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. అంత సముద్రంలో నాలుగూ ఒకచోట పెట్టుకుంటే ఒక్క విమానం చూసిందంటే నాలుగూ దొరికినట్టే కదండీ, నావి నాలుగు చోట్ల ఉంటే నన్ను నాలుగుసార్లు వెతుక్కోవాలి, అనేవారు, సుద్దముక్క లేని వేళ్లతో గాల్లో లెక్క వేస్తూ. ఆట ముగిశాక టీ తాగుతూ ఈ వాదన సాగేది. అంపైరు గ్లాసులు కడిగేవాడు. ఒకటి రెండుసార్లు అతనూ ఏదో అనబోయాడు, రెండు చోట్ల ఉంచి సమయానికి కలిపితే ఎలా ఉంటుందని. నువ్వాగరా, అన్నాడు మిత్రుడు, ప్రేమగానే. ఆ ప్రేమగానే అన్నదే ఇన్నేళ్లూ లోపలెక్కడో కూర్చుని ఉంది, చెప్పులో ఇసుకలాగా.

వరండాలో ఎవరో నేల తుడుస్తున్నారు. తడిగుడ్డ వస్తోంది, కాళ్లెత్తమన్నారు, ఎత్తాడు. ఎదుటాయన కూడా ఎత్తాడు. ఇద్దరూ అలా కాళ్లు గాల్లో పెట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు, ఆయన చిన్నగా నవ్వబోయి మానేశాడు. పది నలభై. ఈ మనిషి నన్ను నమ్ముతున్నాడు, అనుకున్నాడు అంపైరు. ఎందుకో మనుషులు తనని తేలిగ్గా నమ్ముతారు. రాత బాగుంటుంది కదా.

పోయిన ఏడాది ఎండాకాలంలో మిత్రుడి చీటీలు మారాయి. నాలుగు పెద్ద ఓడలూ నాలుగు దిక్కులకి పోయాయి. ఒకటి ఉత్తరాన మంచుదీవుల పక్కన, ఒకటి ఎక్కడో అడుగున, ఒకటి బయల్దేరిన రేవులోనే, ఒకటి ఎవరూ పోని ఖాళీ నీళ్లలో. మెట్ల మలుపు దగ్గర కూర్చుని అంపైరు ఆశ్చర్యపోయాడు. మాస్టారు ముప్పై ఏళ్ల అలవాటుతో పిడికిలి కోసమే వెతికారు, ఒక ఓడ కనపడితే మిగతావి ఆ పక్కనే ఉంటాయని ఉన్న బలమంతా దాని మీద విసిరేశారు, అక్కడ ఒక్కటే ఉంది, ఈలోగా ఖాళీ నీళ్లలోని ఓడ వెనక నుంచి వచ్చి మాస్టారి రేవుని తగలబెట్టింది. మూడు ఆదివారాలు వరసగా అలాగే. ముసలితనంలో నా పాఠం ఒంటబట్టిందండీ మీకు, అని మాస్టారు ఓడిపోయి కూడా పొంగిపోయారు. మిత్రుడు గడ్డం నిమురుకున్నాడు. ఆలోచించాను లెండి, అన్నాడు. నాలుగో ఆదివారం వచ్చిన చీటీలో రెండు గంటల కిందట మునిగిపోయిన ఓడ తూర్పుకి కదిలింది. రేవులోని ఓడ చీటీలో లేనే లేదు. అంతకు ముందు చీటీలోనూ లేదు. ఆ ముందు దాంట్లోనూ. చీటీ పట్టుకుని అంపైరు వెనక గదిలోకి వెళ్లాడు. మిత్రుడు పటం మీద వంగి ఉన్నాడు, ఒక వేలు ఒక దీవి మీద పెట్టి, ఆ వేలు ఎందుకక్కడ ఉందో ఎవరైనా వచ్చి చెబుతారని ఎదురుచూస్తున్నవాడిలా. తల ఎత్తి, ఒరే, నాకెన్ని ఉన్నాయిరా ఇంకా, అన్నాడు. అని నవ్వేశాడు, ఎగతాళికి అన్నట్టు. ఆ నవ్వు వెనక భయం అంపైరుకి కనపడింది. అది ఓడల్ని వెదజల్లడం కాదు. ఎక్కడ పెట్టాడో మర్చిపోతున్నాడు.

మూడున్నాయి, అన్నాడు. మెట్ల దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు చేసింది తప్పని ఎవరంటారు? ముప్పై ఏళ్ల స్నేహితుడు మాస్టారి ముందు అల్లరి పాలు కాకూడదని, మునిగిన ఓడ పేరు చీటీలో కొట్టేసి, మర్చిపోయిన ఓడని తనే రెండు గడులు ముందుకి జరిపాడు. అంతే. ఒకసారి. ఇక్కడిదాకా ఎన్నిసార్లు తలుచుకున్నా తను మంచివాడుగానే కనపడతాడు. అందుకే మనసు ఎప్పుడూ ఇక్కడిదాకానే వచ్చి ఆగేది. ఈవేళ ఆగడం లేదు. ఎదురుగా ఆ మనిషి, ఆ జేబు కుట్టు. ఆ తర్వాతి ఆదివారం ఏం చేశావు? ఆ తర్వాత? మిత్రుడి చీటీలు చదవడమే మానేశాడు. తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, ఓడల్ని తనకి తోచినట్టు నడిపాడు. పొద్దున నడకకి వెళ్తూ ఆలోచించేవాడు, కూరలు కొంటూ ఆలోచించేవాడు. రెండు ఓడలు ఉత్తరాన, రెండు దక్షిణాన, మాస్టారి విమానాలు చూసినా చిన్న గుంపులే అనుకోవాలి, సమయం రాగానే పగడపు దీవుల దగ్గర నాలుగూ ఒకే గడిలో చేరాలి. చేరాయి. మాస్టారి ఓడలు ఎక్కడివక్కడ విడివిడిగా ఉన్నాయి, ఒకదానికి ఇంకొకటి అందేలోపు ఒక్కొక్కటే మునిగింది, నాలుగు గంటల్లో నాలుగు. పైన మేడ గదిలో మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడి, అద్భుతం, అన్నారు. ఆ మాట చెప్పడానికి కిందికి మిత్రుడి దగ్గరికి పరిగెత్తినట్టు వెళ్లారు, మెట్ల మలుపులో అంపైరు భుజం రాసుకుంటూ. మిత్రుడు ఆ పొగడ్తంతా కళ్లు చికిలిస్తూ విన్నాడు, కాసేపటికి నమ్మాడు. అంపైరు గ్లాసులు కడిగాడు. ఇంటికి పోతూ ఈల వేశాడు. యాభై దాటాక ఎప్పుడూ ఈల వేసినవాడు కాదు.

పదకొండు నెలలు. మాస్టారు రెండంటే రెండుసార్లు గెలిచారు, అవి కూడా అనుమానం రాకుండా తను వదిలేసినవి.

పది యాభై అయిదు. అడుగుల చప్పుడైంది, తెల్లకోటులో మిత్రుడి కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఇంకో పావుగంటలో రక్తం తీస్తారని, నాన్నకి ఫోను చేసి షాపు మూసెయ్యమన్నానని చెప్పింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు స్థిమితంగానే ఉంది. తర్వాత నెమ్మదిగా, అతని వైపు చూడకుండా అడిగింది.

“మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా బాబాయ్, నాన్న సంగతి?”

ఇదే అమ్మాయి ఆరు నెలల కిందట ఇదే మాట అడిగింది. షాపు ముందు నిలబడి, నాన్న ఒకే కథ రెండుసార్లు చెబుతున్నాడు బాబాయ్, తాళాలు ఎక్కడ పెట్టాడో తెలియడం లేదు, డాక్టరుకి చూపిద్దామంటే విరుచుకుపడుతున్నాడు, కౌంటర్లో ఇంకెవరినైనా పెట్టమందామా, అంది. అంపైరు అప్పుడు నవ్వాడు. మతిమరుపు మనిషి పసిఫిక్‌లో నాలుగు ఓడలు నడుపుతాడా తల్లీ, పోయిన ఆదివారం మాస్టారిని ఎలా ముంచాడో ఆయన్నే అడుగు, అన్నాడు. ఆమె ముఖం తేటపడింది. ఆ తేటపడ్డ ముఖం చూసి అప్పుడు తనకి కలిగింది ఏమిటి? జాలి కాదు. కంగారు. డాక్టరుకి చూపిస్తే, ఆదివారాలు ఆగిపోతాయి.

“వయసు కదా అనుకున్నానమ్మా,” అన్నాడు ఇప్పుడు. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! నోరు దానంతట అదే చెప్పేసింది, నీ విమానాలకేమీ కనపడలేదు, అని మేడ మీద చెప్పినట్టు.

ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. మీరు తోడున్నారు కాబట్టే నాన్న ఇన్నాళ్లూ మనిషిలా ఉన్నాడు బాబాయ్, అంది. ఆ చెయ్యి బరువు లేదు, అయినా అతనికి తన చెయ్యి కదపడానికి కాలేదు. చెప్పెయ్యి. ఇప్పుడు చెప్పెయ్యి. పక్కనే ఉంది, చెవి ఇంత దూరంలో ఉంది. ఎదుటాయన కూడా వింటాడు. వింటే ఏమంటాడు? నా భార్య అలా పడి ఉండటానికి మీ ఆట కారణమా, అంటాడు. కారణం ఆట కూడా కాదండీ, నా నవ్వు, ఆరు నెలల కిందట షాపు ముందు నేను నవ్విన నవ్వు. ఇవన్నీ లోపలే అన్నాడు. బయటికి దగ్గు వచ్చింది. అమ్మాయి లేచి, నీళ్లు తెస్తానుండండి, అంది, తెచ్చింది. తాగాడు.

పదకొండూ పది. రక్తం తీశారు. ఆ తర్వాతి ఇరవై నిమిషాల్లో అంపైరు మనసు సముద్రంలోకి కూడా పోలేదు, ఎక్కడికీ పోలేదు, వరండా చివర గోడ మీద పెచ్చు ఊడినచోట ఆగిపోయింది. ఆవిడ లేవకపోతే? లేచినా చేతులు వణుకుతూ ఉంటే, సూదిలో దారం ఎక్కించలేకపోతే? ఆ తిన్నని కుట్టు ఇంకెవరు కుడతారు? పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది. చక్కెర నిలబడింది, కళ్లు తెరిచింది, ఎవరిదో చొక్కా సాయంత్రానికి ఇవ్వాలట, మిషను మీదే వదిలేశానని గోల పెడుతోంది, అని నర్సు నవ్వుతూ చెప్పింది. ఇంకో రోజు ఉంచి పంపించేస్తారట. భర్త లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత అంపైరు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, పొద్దుట్నుంచీ తోడు కూర్చున్నారండీ, చాలా సంతోషం, అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

అప్పుడే మిత్రుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చూపులో అదే దర్జా. కుట్టుపని ఆవిడ భర్తకి చేతులు జోడించి క్షమించమన్నాడు, నిజంగానే అన్నాడు. ఆ రెండు మాత్రల అట్టలూ ఒకే రంగులో ఉంటున్నాయండీ, అన్నాడు తర్వాత. కూతురు తండ్రి ముందుకి వచ్చి నిలబడింది. ఇవాళ్టి నుంచి నువ్వు కౌంటర్లో కూర్చోకు నాన్నా, ఇక్కడే డాక్టరు ఉన్నారు, చూపిద్దాం, అంది. మిత్రుడు ఆమెని చూసి, ఎదుటి మనిషిని చూసి, నలభై ఏళ్లలో ఇది ఒక్క పొరపాటు, అన్నాడు. ఆ తర్వాత అతని కళ్లు బల్ల మీది అంపైరు దగ్గర ఆగి, వెలిగాయి.

“నా బుర్రకేం కాలేదమ్మా. వాణ్ని అడుగు. రెండు పక్షాలూ చూసేవాడు వాడొక్కడే. నువ్వు చెప్పరా.”

అందరూ చూస్తున్నారు. అంపైరు లేచాడు, ఇది కూర్చుని చెప్పే మాట కాదని.

“నీ ఓడల్ని నేను నడిపానురా,” అన్నాడు. “పదకొండు నెలలుగా. నీ చీటీలు నా జేబులో ఉండేవి. నువ్వు ఒక్క ఆటా ఆడలేదు.”

ఆట అంటే ఏం ఆటండీ, అని అడిగాడు కుట్టుపని ఆవిడ భర్త, అర్థం కాక, మెల్లగా. కాగితం మీద ఆడే ఆటండీ, ఓడల ఆట, అని ఆయనకి జవాబు చెప్పడం అంపైరుకి అన్నిటికంటే కష్టమైంది. అమ్మాయి ముఖంలో రంగు పోయింది. అయినా ఆమె మంచి పిల్ల, అప్పుడు కూడా అతనికి దారి ఇచ్చింది. నాన్న బాధపడకూడదని చేశారా బాబాయ్, అంది, అవునని చెప్పండి అన్నట్టు. ఆ దారి ఎంత విశాలంగా ఉందో! ఒక్క మాట అంటే చాలు, జీవితాంతం మంచివాడిగా ఉండిపోవచ్చు.

“మొదటి రోజు అంతేనమ్మా. తర్వాత కాదు. గెలవడం నాకు బాగుంది. నువ్వు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్న రోజున, ఆట పోతుందని అబద్ధం చెప్పాను.”

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ భర్త పట్టుకుని ఉన్న చేతిని ఎప్పుడు వదిలేశాడో అంపైరు గమనించలేదు, ఇప్పుడు చూస్తే చెయ్యి ఒంటరిగా ఉంది. మిత్రుడు మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఆలోచిస్తున్నాడు, నుదురు ముడిపడింది, షాపు వెనక గదిలో పటం మీద వంగినప్పటి ముడి, పాతరోజుల్లోది.

“పగడపు దీవుల దగ్గర,” అన్నాడు, ఒక్కో మాటా వెతికి తెచ్చుకుంటూ. “ఉత్తరం నుంచి రెండు, కింద నుంచి రెండు. అంతదాకా చెదిరినట్టే ఉండి ఒక్క గడిలో కలిశాయి. మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో. అది నేను కాదా?”

“కాదురా. నేనే.”

మిత్రుడు ఒక అడుగు దగ్గరికి వచ్చి అతన్ని చూశాడు. కోపం వస్తుందనుకున్నాడు అంపైరు, రావాలని కోరుకున్నాడు.

“ఎంత బాగా తెచ్చావురా,” అన్నాడు మిత్రుడు.

ఆ గొంతులో వెక్కిరింత లేదు. ఆటగాడు ఆటగాడితో అన్నట్టే అన్నాడు. ముప్పై ఏళ్లలో అతని ఆట గురించి మిత్రుడు అన్న మొదటి మంచి మాట అది. కూతురు తండ్రి మోచెయ్యి పట్టుకుని డాక్టరు గది వైపు నడిపించుకుపోయింది, తలుపు దాటేటప్పుడు మిత్రుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అంపైరు తల ఎత్తలేకపోయాడు.